నేటాల్ వెళ్లిన ముత్తాత ఊరు కనుక్కోవాలంటే

మీ ముత్తాతగారు శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు కూలీగా వెళ్లారనీ, ఇంటిపేరుతో ఎంత వెతికినా దొరకలేదనీ రాశారు కదండీ. ఇంటిపేరు పక్కన పెట్టేయండి. 1860 నుంచి 1911 దాకా సాగిన ఆ వలసల ఓడ జాబితాల్లో అది చాలావరకు ఉండదు. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఆఖరికి ఒంటిమీది మచ్చలు కూడా రాసుకున్నారు. తండ్రి పేరు కనబడిందా, ఇంకో తరం దొరికినట్టే! విశాఖపట్నం జిల్లా కింద కాదు, గంజాం కింద చూడండి. 1936 దాకా శ్రీకాకుళం అందులోదే. స్పెల్లింగు చికాకోల్ అని ఉంటుంది.

అన్నిటికన్నా గట్టి ఆధారం వలస నంబరు, అంటే అలా వెళ్లిన ఒక్కో కూలీకి ఇచ్చిన నంబరు. అక్కడి పాత జనన, వివాహ పత్రాల్లో పేరు పక్కనే తరచు ఉంటుంది. డర్బన్‌లో ఉన్న మీ పెద్దమ్మగారిని ముందు ఆ కాగితాలే అడగండి.