డీఏ బకాయిలు చూసి గ్రూప్‌-2 మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా గ్రూప్‌-2కు చదువుతోంది. సచివాలయంలో పనిచేసే మా మేనల్లుడేమో ‘డీఏలు (కరవు భత్యం) సరిగా రావు, పాత పెన్షన్ లేదు, ఎందుకు మామయ్యా’ అంటున్నాడు. హైదరాబాద్‌లో 22 వేల ప్రైవేటు ఉద్యోగం వచ్చింది. చేరమనమంటారా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ మేనల్లుడు కడుపు మండి చెప్తున్నాడు, అబద్ధం చెప్పట్లేదు. 2019 అక్టోబరులో గ్రామ, వార్డు సచివాలయాల్లో చేరినవాళ్లకి రెండేళ్లు ప్రొబేషన్, నెలకు 15 వేలు అన్నారు. 2021 అక్టోబరుకి రావాల్సిన స్కేలు 2022 జులైకి గానీ రాలేదు. మధ్యలో తొమ్మిది నెలలు ఆ 15 వేలే! స్కేలు వస్తుందని బండికి ఈఎంఐ పెట్టుకున్నవాడి గతి ఆలోచించండి. ఆ 2022 జనవరిలోనే పీఆర్సీ (వేతన సవరణ) ఫిట్‌మెంట్, అంటే బేసిక్ మీద పెంపు, 23 శాతం అన్నారు, అప్పటికి ఉద్యోగులు తీసుకుంటున్న ఐఆరే (మధ్యంతర భృతి) 27 శాతం. ఫిబ్రవరి 3న విజయవాడ రోడ్లు ఉద్యోగులతో నిండిపోయింది అందుకే.

అయితే వీటిలో దేనివల్లా ఉద్యోగం పోలేదు, బేసిక్ తగ్గలేదు. ఆగేది ఎక్కువగా పైన రావాల్సింది: డీఏ బకాయి, సరెండర్ లీవు (వాడుకోని సెలవులకి బదులిచ్చే) డబ్బు. అవి వచ్చినప్పుడు వస్తాయి, ఇంటి లెక్కలో వేసుకోకూడదు. పెన్షన్ మాట నిజమే. రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకి సీపీఎస్, అంటే ఉద్యోగి జీతంలోంచి కూడా కొంత కోసి జమచేసే పెన్షన్. బేసిక్, డీఏ కలిపి 30 వేలుంటే 3 వేలు అందులోకే పోతుంది. ఈసారి మీ మేనల్లుడు ఇంటికొచ్చినప్పుడు పే స్లిప్ అడిగి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, కటింగులన్నీ పోను చేతికెంతో చూడండి. గ్రాస్ చూసి మురిసిపోయేవాళ్లే తర్వాత ఎక్కువ బాధపడతారు.

నాకు భయం జీతం గురించి కాదు, కాలం గురించి. గత గ్రూప్‌-2 నోటిఫికేషన్ 2023 డిసెంబరులో పడింది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో అయితే, మెయిన్స్ 2025 ఫిబ్రవరికి జరిగింది. ఒక్క పరీక్షకీ ఇంకో పరీక్షకీ ఏడాది. ఆ ఏడాది ఇంట్లో కూర్చుని చదివిన పిల్లల ముఖాలు నేను చూశాను, అందుకే చెప్తున్నా: ఉద్యోగంలో చేరమనండి, చదువు మానొద్దనండి. పొద్దున రెండు గంటలు, ఆదివారం పూర్తిగా. ప్రిలిమ్స్ గట్టెక్కితే అప్పుడు సెలవు సంగతి చూసుకోవచ్చు.

చేరేముందు ఆఫర్ లెటర్‌లో బాండ్ ఉందేమో, నోటీస్ పీరియడ్ ఎన్నాళ్లో మీరే ఒకసారి చదవండి. మూడు నెలలని ఉంటే, తగ్గించమని సంతకం పెట్టకముందే అడగాలి.