ఒక్కో పిక్సెల్‌కి ఒక్కో ట్రిప్పా?

ప్రశ్న: "సార్, మాది జడ్చర్ల. మహబూబ్‌నగర్ దగ్గర సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నా. మినీ ప్రాజెక్టుగా పాత ఫొటోలు శుభ్రం చేసే అప్లికేషన్‌ను సీ షార్ప్‌లో రాశాను. స్పీడు పెరుగుతుందని లెక్కల భాగాన్ని సీ భాషలో రాసి, డీఎల్‌ఎల్ (వేరే ప్రోగ్రాంలు పిలుచుకునే కోడ్ ఫైలు) చేసి సీ షార్ప్ నుంచి పిలిచాను. పెరగకపోగా ముందుకంటే నెమ్మదైంది! ఎందుకో తెలుసుకుందామని మొదలుపెట్టి, డాట్ నెట్ (సీ షార్ప్ ప్రోగ్రాంలను నడిపే వేదిక) నుంచి నేటివ్ కోడ్‌ను (సీ లాంటి భాషల్లో రాసి, ప్రాసెసర్ నేరుగా నడిపే కోడ్) పిలిచే పద్ధతుల గురించి డెవలపర్లు చేసుకునే చర్చలు చదవడం అలవాటైంది. సగం అర్థం కాదు, కానీ వదలబుద్ధి కావట్లేదు. మా అన్నేమో 'ఇవన్నీ ఎవడికి కావాలిరా, అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ వెబ్ కోర్సు చెయ్' అంటున్నాడు. నాన్న బాదేపల్లి మార్కెట్ యార్డులో దడువాయి, సరుకు తూకం వేస్తారు. ఆయన అడిగేది ఒక్కటే, దీనికి ఉద్యోగాలు ఉంటాయా అని. ఏం చెప్పమంటారు?"

తమ్ముడూ, ఉద్యోగం సంగతి తర్వాత. ముందు నీ ప్రాజెక్టు ఎందుకు నెమ్మదైందో చూద్దాం. అది అర్థమైతే మీ నాన్నగారికి ఏం చెప్పాలో సగం తెలిసిపోతుంది.

నువ్వు పంపిన కోడ్ చూశాను. ఒక్కో పిక్సెల్‌కి ఒకసారి చొప్పున సీ ఫంక్షన్‌ను పిలుస్తున్నావు. పాలమూరు నుంచి లారీడు పల్లికాయ కర్నూలుకు పోవాలనుకో. పుల్లూరు టోల్‌గేటు దగ్గర వరుసలో ఆగాలి, టోల్ కట్టాలి. లారీ నింపుకుని ఒక్కసారి పోతే ఆ ఆలస్యం లెక్కలోకే రాదు. అదే ఒక్కో బస్తా లారీలో వేసుకుని వందసార్లు తిరిగితే, పొద్దంతా టోల్‌గేటు దగ్గరే తెల్లారిపోతుంది. నువ్వు బస్తా కూడా కాదు, ఒక్కో పల్లికాయ తీసుకెళ్ళావు.

లెక్క వేద్దాం. 1920 బై 1080 బొమ్మలో పిక్సెల్స్ 20,73,600. సీ షార్ప్ నుంచి ఒక్కసారి సీ వైపు వెళ్ళి రావడానికి 10 నానోసెకన్లు పడుతుందనుకో. కంటిరెప్ప కొట్టే టైములో కోట్లసార్లు పట్టే కాలం అది, అయినా అన్నీ కలిపితే 20 మిల్లీసెకన్లు దాటుతుంది. వీడియోలా సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) చూపించాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లే. అంటే అసలు పని మొదలుకాకముందే టైము అయిపోయింది. దానికి తోడు, ఫంక్షన్ సీ షార్ప్‌లోనే ఉంటే జిట్ కంపైలర్ (ప్రోగ్రాం నడుస్తుండగానే కోడ్‌ను యంత్రభాషలోకి మార్చేది) దాన్ని లూప్‌లోనే కలిపేసి పిలుపు ఖర్చే లేకుండా చేసేది. గోడ అవతల ఉన్న సీ కోడ్‌ను అది చూడలేదు కాబట్టి కలపలేదు.

ఈ టోల్ దేనికి కట్టాలి అన్నదే నువ్వు చదివే చర్చల్లో సగం. డాట్ నెట్, జావా లాంటి వాటిలో మెమరీని రన్‌టైమే (ప్రోగ్రాంను నడిపే వ్యవస్థే) చూసుకుంటుంది. అక్కరలేని వస్తువులను గార్బేజ్ కలెక్టర్ ఊడ్చేస్తుంది, ఖాళీ కోసం మిగిలినవాటిని పక్కకు జరుపుతుంది కూడా. యార్డులో సాయంత్రం హమాలీలు కుప్పలు సర్దుతారు కదా, అట్లా. ఇక్కడే ఇబ్బంది. 'రెండో షెడ్డులో మూడో కుప్ప' అని ఖరీదుదారుకు చెప్పి పంపావు, అతను వచ్చేలోగా ఆ కుప్ప జరిగింది. అతను అక్కడున్న ఇంకెవరిదో ఎత్తుకుపోతాడు. సీ కోడ్‌కు ఇచ్చిన అడ్రసు సంగతీ అంతే. అందుకే పిన్ చేయడం అనే పద్ధతి ఉంది, 'ఈ కుప్పను కదపొద్దు' అని చీటీ పెట్టినట్టు. చీటీలు మరీ ఎక్కువైతే సర్దేవాళ్ళకు చోటు దొరకదు, అది ఇంకో తలనొప్పి.

ఇవి కాక, థ్రెడ్ (ప్రోగ్రాంలో నడిచే ఒక పని వరుస) సీ వైపు పోయేముందు 'నేను బయటికి పోతున్నా, ఊడ్చుకోవాలంటే నాకోసం ఆగకు' అని గార్బేజ్ కలెక్టర్‌కు తెలిసేలా గుర్తు పెట్టి పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఊడ్చడం నడుస్తోందా అని చూసుకుని లోపలికి వస్తుంది. ఈ గుర్తు పెట్టే పనిని కూడా తప్పించే సదుపాయం 2020లో డాట్ నెట్ 5తో వచ్చింది. చాలా చిన్న ఫంక్షన్లకే అది. ఎక్కువసేపు నడిచే ఫంక్షన్‌కు పెడితే కలెక్టర్ దానికోసం, మిగతా థ్రెడ్లు కలెక్టర్‌కోసం కాచుకుని మొత్తం ప్రోగ్రామే బిగుసుకుపోతుంది.

కాబట్టి నువ్వు చేయాల్సింది, మొత్తం బొమ్మను ఒకే బైట్ అర్రేగా (బైట్ల వరుసగా) ఇచ్చి ఒక్కసారే పిలవడం. బైట్ అర్రేకు కాపీ కూడా అవసరం ఉండదు, పిన్ చేసి అడ్రసు ఇచ్చేస్తారు. ఇంకో మాట. సీ అంటేనే స్పీడు అనేది ఎప్పుడో అనుకున్న మాట. 2019లో వచ్చిన డాట్ నెట్ కోర్ 3.0 నుంచి ప్రాసెసర్ వెక్టర్ ఆదేశాలను (ఒకేసారి చాలా అంకెల మీద పనిచేసేవి) సీ షార్ప్ నుంచే నేరుగా వాడుకోవచ్చు. నీ ఫిల్టర్‌కు అసలు సీ అక్కరలేదేమో కూడా!

ఇప్పుడు నా సొంత గోడు కొంచెం వినాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ పని నా మీద పడింది. ధాన్యం లారీ కాంటా ఎక్కుతుంది, బరువు స్క్రీన్ మీద వస్తుంది, స్లిప్ ప్రింట్ అవుతుంది. అంతే పని. కాంటాతో మాట్లాడే డీఎల్‌ఎల్ సీ ప్లస్ ప్లస్‌లో ఉంది, మా అప్లికేషన్ సీ షార్ప్‌లో. అందులో 'బరువు స్థిరపడిందా' అని అడిగే ఫంక్షన్ ఒకటి, జవాబు బూల్, అవును లేదా కాదు. ఆఫీసులో టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా నడిచింది.

మిల్లులో పెట్టిన మూడో రోజు కాంటా గుమస్తా ఫోన్ చేశాడు. "సారూ, లారీ ఇంకా ఊగుతుండగనే స్లిప్పు వస్తుంది. మళ్ళ ఎక్కిస్తె ఎనభై కిలోలు తేడా." నేను ముందు కాంటా కింది లోడ్ సెల్స్‌ను అనుమానించాను. తర్వాత వైర్లను. ఆ తర్వాత, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ గుమస్తానే. రెండు రోజులు పోయాక అసలు తప్పు దొరికింది. నేను రాసిన ఒక్క లైనులో ఉంది. సీ ప్లస్ ప్లస్ బూల్ ఒక్క బైటు. సీ షార్ప్‌లో నేనేమీ చెప్పకపోతే పి-ఇన్వోక్ (డాట్ నెట్ నుంచి నేటివ్ ఫంక్షన్‌ను పిలిచే ఏర్పాటు) దాన్ని నాలుగు బైట్ల విండోస్ బూల్ అనుకుంటుంది. ఆ డీఎల్‌ఎల్ ఒక బైటులో సున్నా పెట్టి 'కాదు' అంటోంది, మిగతా మూడు బైట్లలో ఏదో పాత చెత్త ఉంది. నాలుగూ కలిపి చూస్తే సున్నా కాదు కాబట్టి మా ప్రోగ్రాం 'అవును' అనుకుంది. ఆఫీసు కంప్యూటర్‌లో ఆ మూడు బైట్లూ ఖాళీగా ఉండడం నా దురదృష్టం.

అదే ప్రోగ్రాంలో ఇంకోటి. స్లిప్ మీద 'నల్లగొండ' అని తెలుగులో రావాలి. వచ్చింది ఎనిమిది ప్రశ్నార్థకాలు. కారణం చిన్నదే. సీ షార్ప్ స్ట్రింగ్ (అక్షరాల వరుస) యూటీఎఫ్-16 అనే అక్షర సంకేత పద్ధతిలో ఉంటుంది, 'నల్లగొండ'లోని ఎనిమిది కోడ్ పాయింట్లకు (అక్షరాలు, గుణింతం గుర్తులు విడివిడిగా లెక్కిస్తే) 16 బైట్లు. యూటీఎఫ్-8లో అయితే 24. మనం ఏమీ చెప్పకపోతే విండోస్ మీద పి-ఇన్వోక్ ఈ రెండూ కాకుండా ఆన్సీ కోడ్ పేజీ అనే పాత అక్షరాల పట్టికలోకి మారుస్తుంది. అందులో తెలుగు అక్షరాలకు చోటు లేదు, ఒక్కోదాని బదులు ఒక్కో ప్రశ్నార్థకం. 2022లో డాట్ నెట్ 7తో వచ్చిన లైబ్రరీ ఇంపోర్ట్ పద్ధతిలో స్ట్రింగ్‌ను, బూల్‌ను ఎట్లా మార్చాలో మనం రాసి చెప్పకపోతే కంపైలర్ ఊరుకోదు. నా కాలంలో ఉంటే ఆ గుమస్తా ముందు తల దించుకునే పని తప్పేది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఏఐ వచ్చాక ఈ పని ఎవరికి కావాలని మీ అన్న రేపు అడుగుతాడు. సీ ఫంక్షన్‌ను పిలవడానికి రాసే డిక్లరేషన్ లైను ఏఐ అరనిమిషంలో రాసిస్తుంది, నిజమే. కానీ ఈ రకం తప్పు ఉన్న లైను కంపైల్ అవుతుంది, టెస్టులు కూడా దాటుతుంది. ఏ లారీ ఊగినప్పుడో బయటపడుతుంది. కొన్నిసార్లు ప్రోగ్రాం మొత్తం కూలిపోతుంది, డాట్ నెట్‌లో చెడ్డ అడ్రసు ముట్టుకుంటే ట్రై-క్యాచ్ (తప్పును పట్టుకునే ఏర్పాటు) పెట్టినా ఆపలేం. అక్కడ కూర్చుని కారణం వెతకగలిగేవాడే కావాలి. అసలు ఏఐ కోర్సుల్లో మీవాళ్ళు లెక్కలకు వాడే నమ్‌పై లైబ్రరీ కూడా పైకి పైథాన్, లోపల సీ. పైథాన్ లూప్‌లో ఒక్కో అంకె ముట్టుకుంటే నత్తనడక, అర్రే మొత్తం ఒకేసారి ఇస్తే పరుగు. నీ పిక్సెల్ కథే.

ఇక ఉద్యోగాలు. ఉన్నమాట చెప్తాను. 'ఇంటరాప్ ఇంజనీర్ కావలెను' (అంటే ఒక భాష కోడ్‌ను ఇంకో భాషతో కలిపేవాడు) అని ప్రకటన నువ్వు ఎక్కడా చూడవు. ఫ్రెషర్‌ను దీనికోసమే తీసుకునే కంపెనీ దొరకడం చాలా కష్టం. ఈ నైపుణ్యం వేరే పేర్ల వెనక దాక్కుని ఉంటుంది. వేలిముద్ర మెషీన్లు, స్కానర్లు, కాంటాలు, మెడికల్ పరికరాలు తయారుచేసేవాళ్ళు ఇచ్చే కోడ్ లైబ్రరీలు ఎక్కువగా సీ లేదా సీ ప్లస్ ప్లస్‌లో ఉంటాయి, పైన అప్లికేషన్ జావాలోనో సీ షార్ప్‌లోనో ఉంటుంది. పాత పరికరమైతే 32 బిట్ డీఎల్‌ఎల్ ఇస్తారు, నీ 64 బిట్ ప్రోగ్రాం దాన్ని లోడ్ చేయనంటుంది. ఆ గొడవ తీర్చేవాడు ఆఫీసుకు ఒక్కడన్నా కావాలి. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం రంగు చూసి నల్లగింజను ఎగరగొట్టే సార్టెక్స్ మెషీన్లు ఉన్నాయి కదా, కెమెరా ఉన్న ఏ మెషీన్‌కైనా లోపల నేటివ్ కోడ్ ఉండాల్సిందే. గేముల వైపు యూనిటీ అనే గేమ్ ఇంజిన్ ఉంది, సీ షార్ప్‌లో రాసిందాన్ని సీ ప్లస్ ప్లస్‌గా మార్చి నడిపే దారి కూడా అందులో ఉంది.

ఆండ్రాయిడ్‌లో అయితే ఈ మధ్యే పని పుట్టింది. ఆండ్రాయిడ్ 15, ఆపైన వెర్షన్లను టార్గెట్ చేసే యాప్‌లలోని నేటివ్ లైబ్రరీలు 16 కేబీ మెమరీ పేజీలకు (ఫోన్ మెమరీని పంచే ముక్కలకు) సరిపోవాలని గూగుల్ ప్లే 2025 నవంబర్ 1 నుంచి నియమం పెట్టింది. లోపల ఏ లైబ్రరీ ఉందో తెలియకుండా యాప్ తీసిన చాలా టీములకు టెన్షన్ పట్టుకుంది.

జావా వైపు 1997 నుంచి జేఎన్‌ఐ (జావా నుంచి నేటివ్ కోడ్‌ను పిలిచే పద్ధతి) రాజ్యమే. 2024 మార్చిలో జావా 22తో కొత్త ఫారిన్ ఫంక్షన్ అండ్ మెమరీ ఏపీఐ పూర్తి రూపంలో వచ్చింది, మధ్యలో సీ జిగురు కోడ్ రాయకుండా జావా నుంచే నేటివ్ ఫంక్షన్లను పిలవొచ్చు. జావా 24 నుంచి అనుమతి చెప్పకుండా జేఎన్‌ఐ వాడితే హెచ్చరిక కూడా వస్తోంది. పాత జేఎన్‌ఐ కోడ్ మోస్తున్న కంపెనీలు ఎప్పుడో ఒకప్పుడు దీన్ని పట్టించుకోక తప్పదని నా అంచనా.

మీ అన్న చెప్పింది తప్పేమీ కాదు. మొదటి ఉద్యోగం ఎక్కువమందికి ఆ తలుపు గుండానే వస్తుంది. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష), వెబ్ ఏపీఐ (ప్రోగ్రాంలు నెట్ ద్వారా మాట్లాడుకునే దారి), ఒక ఫ్రంటెండ్ (తెర మీద కనిపించే భాగం), ఇవి రావాలి. కానీ మూడో సంవత్సరంలోనే కాలేజీ పక్కన పెట్టి హాస్టల్ ఫీజు, కోర్సు ఫీజు కట్టి అమీర్‌పేటలో కూర్చోవడం నాకు ఇష్టం లేదు. సీ షార్ప్ నీకు వచ్చు కాబట్టి దాని మీదే వెబ్ ఏపీఐ ఇంట్లో నేర్చుకోవచ్చు. ఫైనల్ ఇయర్ అయ్యాక కూడా ఇంటర్వ్యూలు రాకపోతే అప్పుడు ఆలోచిద్దాం. నిన్ను వేరుగా నిలబెట్టేది మాత్రం కాలేజీలో అందరూ గట్టెక్కితే చాలనుకునే మూడు సబ్జెక్టులు: కంప్యూటర్ ఆర్గనైజేషన్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్స్. వాటికి తోడు మొదటి ఏడాది సీలో భయపడి దాటేసిన పాయింటర్లు. నువ్వు చదివే చర్చలు సగమే అర్థమవుతున్నాయంటే ఆ మిగతా సగం ఈ పుస్తకాల్లో ఉంది.

రెజ్యూమేలో 'పెర్ఫార్మెన్స్ మీద ఆసక్తి' అని రాయకు. నీ ప్రాజెక్టు మూడు రకాలుగా చేసి మూడు అంకెలు రాయి: పిక్సెల్‌కో పిలుపు, బొమ్మకో పిలుపు, పూర్తిగా సీ షార్ప్‌లోనే. నేను ఇంటర్వ్యూ బోర్డులో ఉంటే ఆ మూడు అంకెల మీదే అరగంట మాట్లాడిస్తాను. దీనికి పెద్ద ల్యాప్‌టాప్ అక్కరలేదు, డాట్ నెట్ ఎస్‌డీకే, సీ కంపైలర్ జీసీసీ, టైము కొలిచే బెంచ్‌మార్క్ డాట్ నెట్ అన్నీ ఉచితమే.

కొలిచే పద్ధతి కూడా మార్చాలి. నువ్వు డీబగ్ మోడ్‌లో (తప్పులు వెతకడానికి వాడే, వేగం పెంచని రకం) నడిపి, మొదటిసారి పట్టిన టైమునే స్టాప్‌వాచ్‌తో పట్టుకున్నావు. మొదటిసారి డీఎల్‌ఎల్ లోడ్ కావాలి, జిట్ కూడా అప్పటికి తొందరగా తయారుచేసిన కోడ్‌తోనే నడుస్తుంది, పదేపదే పిలిచాకే దాన్ని బాగా మెరుగుపరుస్తుంది. బెంచ్‌మార్క్ డాట్ నెట్ ఇవన్నీ చూసుకుని, వేడెక్కించాకే కొలుస్తుంది.

మీ నాన్నగారిని ఒకటి అడుగు. పొద్దున యార్డులో మొదటి బస్తా ఎక్కించే ముందు ఆయన కాంటాను ఏం చేస్తారు? ఖాళీగా చూసి ముల్లు సున్నా మీద ఉందా అని సరిచూస్తారు. నువ్వూ అదే చెయ్. సీ లో ఏ పనీ చేయని ఖాళీ ఫంక్షన్ ఒకటి రాసి, రిలీజ్ మోడ్‌లో (అసలు వాడకానికి తయారుచేసే రకం) దాన్ని పిలవడానికి పట్టే టైము కొలువు. ఒక్క పిలుపుకి ఎన్ని నానోసెకన్లు వచ్చిందో నాకు పంపు. పైన నేను అనుకున్న 10కి నీ కంప్యూటర్‌లో ఎంత తేడా ఉందో చూద్దాం.