తలకు దెబ్బ తగిలాక మావారు మనిషే మారిపోయారు. కావాలని చేస్తున్నారా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. బైకు ప్రమాదంలో నుదుటికి దెబ్బ తగిలి ఎనిమిది నెలలైంది. నడక, మాట, లెక్కలు అన్నీ తిరిగొచ్చాయి. అయినా చిన్న మాటకే విరుచుకుపడుతున్నారు, లేదంటే రోజంతా మంచం దిగరు. ఫోన్లో డబ్బు మంచినీళ్లలా ఖర్చవుతోంది. అడిగితే "నాకేమైంది, బాగానే ఉన్నా" అంటున్నారు. స్కాన్ బాగుందని డాక్టరు, ఒళ్లు పొగరెక్కిందని అత్తగారు.

కావాలని చేయడం లేదు. ముందు ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి. ఎందుకో కూడా చెబితేనే నమ్ముతారు.

నుదుటి వెనక ఉండే మెదడు ముందుభాగం, అంటే ఫ్రంటల్ లోబ్‌లో, కళ్లగూళ్ల మీద ఆనుకున్న భాగం నోటిదాకా వచ్చిన మాటను, చేతిదాకా వచ్చిన పనిని ఆపుతుంది. అక్కడ దెబ్బ తగిలితే కోపం, బూతులు, అనకూడని మాటలు, ఆలోచన లేని ఖర్చు. మెదడు రెండు అర్ధగోళాలు ఎదురెదురుగా ఉండే మధ్య భాగం పనిని మొదలుపెట్టిస్తుంది. అది దెబ్బతింటే మనిషి కూర్చున్నచోటే కూర్చుంటాడు. బయటివైపు పైభాగం ఏది ముందు, ఏది తర్వాత అని పనిని వరస పెడుతుంది. అది పోతే వంట మొదలుపెట్టి సగంలో వదిలేస్తారు, ఒకే మాట పదిసార్లు అంటారు. చాలామందిలో మూడూ కొంచెం కొంచెం కలిసే ఉంటాయి. అందుకే పొద్దున కదలని మనిషి సాయంత్రం అరుస్తాడు. చూసేవాళ్లకు అది నటనలా అనిపిస్తుంది.

ఒక సంగతి చాలామందికి తెలియదు. వెల్లకిలా పడి తల వెనక భాగం నేలకు కొట్టుకున్నా గాయం ముందుభాగంలోనే ఎక్కువ కావచ్చు. కళ్లగూళ్ల పైన పుర్రె లోపలి ఎముక గరుకుగా, గట్లు గట్లుగా ఉంటుంది. విసురుకు మెదడు ముందుకు జారి దానికి రాసుకుంటుంది.

ఈ మార్పుకు బాగా పేరుపడ్డ పాత ఉదాహరణ అమెరికాలోని వెర్మాంట్‌లో, 1848 సెప్టెంబర్ 13న జరిగిన ప్రమాదం. ఫినియస్ గేజ్ అనే పాతికేళ్ల రైల్వే ఫోర్‌మన్ ఎడమ చెంపలోంచి దాదాపు 110 సెంటీమీటర్ల పొడవు, 6 కిలోల బరువున్న ఇనుప కడ్డీ దూరి నడినెత్తి నుంచి బయటికొచ్చింది. మనిషి బతికాడు. "ఇతను ఇక గేజ్ కాడు" అని తెలిసినవాళ్లు అన్నారని అతనికి వైద్యం చేసిన డాక్టర్ హార్లో 1868లో రాశారు. కథ సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. మీకు పనికొచ్చేది దాని తర్వాతిది. గేజ్ చిలీ వెళ్లి దాదాపు ఏడేళ్లు గుర్రపు బళ్లు తోలాడు. రోజూ అదే దారి, అదే వేళ, అదే పని. ఆ కట్టుదిట్టమైన దినచర్యే అతణ్ని కొంతవరకు నిలబెట్టి ఉంటుందని పరిశోధకుల్లో కొందరి అభిప్రాయం. మీ ఇంట్లోనూ చేయాల్సింది అదే. లోపల తెగిన పగ్గాలను కొంతకాలం బయటినుంచి మీరు పట్టుకోవాలి. నచ్చజెప్పడం, ఒట్లు వేయించుకోవడం, పెద్దమనుషుల్లో పెట్టడం పనిచేయవు. విన్నప్పుడు ఆయన నిజంగానే ఒప్పుకుంటారు, ఆ ఒప్పుకున్నది అవసరమైన క్షణంలో ఆయన్ని ఆపదు.

"స్కాన్ బాగుంది" అంటే ఆపరేషన్ చేయాల్సిన రక్తపు గడ్డ లేదని, అంతే. సన్నటి నరాల తీగలు తెగితే సీటీలో కనబడవు. ఎంఆర్‌ఐలో ఎస్‌డబ్ల్యూఐ అనే పద్ధతి అడిగి చేయిస్తే పాత చిన్న రక్తస్రావాల గుర్తులు దొరకొచ్చు. డాక్టరు గదిలో ఆయన చక్కగా మాట్లాడటంలో కూడా వింతేమీ లేదు. అక్కడ గది నిశ్శబ్దం, ఎదురుగా ఒక్కరే మనిషి, ప్రశ్న వెంట ప్రశ్న. మొదలుపెట్టే పని, ఆపే పని రెండూ డాక్టరే చేస్తున్నారు. ఐక్యూ పరీక్షలో మంచి మార్కులు రావడానికీ కారణం ఇదే. కాబట్టి ఆలోచన, అదుపు, ప్రవర్తన ఎలా ఉన్నాయో విడివిడిగా పరీక్షించే న్యూరోసైకలాజికల్ అసెస్‌మెంట్ కావాలని అడగండి, ఆయన లేకుండా మీతో విడిగా ఓ అరగంట మాట్లాడమనండి. మానసిక, నరాల జబ్బులు చూసే బెంగళూరు నిమ్‌హాన్స్ ఆస్పత్రిలోను, పెద్ద న్యూరో ఆస్పత్రుల్లోని క్లినికల్ సైకాలజిస్టుల దగ్గరా ఇవి చేస్తారు.

అన్నీ ఫ్రంటల్ లోబ్ మీదికి నెట్టేసే ముందు సరిచేయగలిగినవి చూసుకోవాలి. మొదట మందుల చీటీ తీయండి. లెవెటిరాసిటామ్ ఉందా? ఫిట్స్ రాకుండా ఇచ్చే ఈ మాత్ర కొందరిలో విపరీతమైన చిరాకు, కోపం తెప్పిస్తుంది. ఫిట్స్ రానివాళ్లకు ముందుజాగ్రత్తగా ఇస్తే సాధారణంగా మొదటి వారం చాలు. అయినా కొందరికి నెలల తరబడి అలా సాగుతూనే ఉంటుంది. మీ అంతట మీరు ఆపొద్దు, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. "కోపం దీనివల్లేమో, మార్చగలరా" అని న్యూరాలజిస్టును అడగండి. రక్తంలో సోడియం, థైరాయిడ్, ఉదయంపూట కార్టిసాల్ అనే హార్మోన్ పరీక్ష చేయించండి. తలదెబ్బకు మెదడు అడుగున ఉండి హార్మోన్లను నడిపే పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటే వచ్చే నీరసం అచ్చం బద్ధకంలా ఉంటుంది. నిద్ర, నొప్పి, మలబద్ధకం కూడా చూడండి. ఉన్నట్టుండి మత్తుగా ఉండటం, తలనొప్పి పెరగడం, అడుగులు తడబడటం, తెలియకుండా మూత్రం పోవడం కనబడితే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. లోపల నెమ్మదిగా రక్తమో నీరో చేరుతుండవచ్చు.

ఇక కోపం సంగతి. రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎన్నింటికి, అంతకు ముందు ఏం జరుగుతోంది, ఆయన ఏం చేశారు, మీరేం చేశారు. ఈ నాలుగే రాయండి. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక వరస బయటపడుతుంది. సాయంత్రం ఆరు, టీవీ మోగుతోంది, పిల్లాడి ఏడుపు, కుక్కర్ విజిల్, ఆయన మధ్యాహ్నం పడుకోలేదు, టిఫిన్ ఆలస్యం, అప్పుడే ఇద్దరు చెరోటి అడిగారు. కోపం తెప్పించింది మీ మాట కాదు, ఆ కలబోత. మధ్యాహ్నం గంట పడక, ఐదున్నరకల్లా తినడానికి ఏదో ఒకటి, ఆరింటికి టీవీ బంద్, ఒకసారికి ఒక్కరే మాట్లాడటం. ఇవి చేస్తే చాలా ఇళ్లలో అరుపులు తగ్గుతాయి. కోపం మొదలయ్యాక ఎవరిది తప్పో తేల్చకండి. గొంతు తగ్గించి ఒక్క చిన్న వాక్యం చెప్పి, పదిహేను ఇరవై నిమిషాలు పక్కగదిలోకి వెళ్లిపోండి. తర్వాత ఆ రాత్రి దాని ప్రస్తావనే తేకండి. చేయి చేసుకునే పరిస్థితి ఉంటే మీరూ పిల్లలూ ముందు బయటపడాలి. జబ్బు కదా అని దెబ్బలు ఓర్చుకోవడం ఎవరికీ మంచిది కాదు.

మంచం దిగకపోవడానికి మందు మీ మాటతీరులోనే ఉంది. "స్నానం చేస్తారా?" అంటే "చేస్తా" అంటారు, గంటైనా లేవరు. అబద్ధమాడలేదు. చేయాలని తెలుసు, మొదటి కదలిక రావడం లేదు. అడగడం మానేసి నడిపించండి. బకెట్లో నీళ్లు పట్టి ఉంచి, తువ్వాలు చేతికిచ్చి, మోచేతి కింద చేయి వేసి "లేవండి, పదండి" అనండి. ఒకసారి కదిలితే మిగతాది చాలావరకు వాళ్లే చేసుకుంటారు. రోజూ అదే వేళకు చేయించండి. బాత్‌రూమ్ తలుపు మీద అంచెలు పెద్ద అక్షరాలతో రాసి అంటించండి: పళ్లు తోముకోవడం, స్నానం, ఉతికిన బట్టలు, టిఫిన్. రెండు మూడు వారాలయ్యాక చేయి వేయడం మానండి, ఆ తర్వాత మాట, చివరికి ఫోన్ అలారం మాత్రమే. దీన్ని డిప్రెషన్ అనుకునే వాళ్లు ఎక్కువ. దిగులు ఉన్న మనిషి బాధపడతాడు, ఏడుస్తాడు. ఇక్కడ ఆ బాధ కూడా కనబడదు. తేడా తేల్చాలి, ఎందుకంటే కొన్ని డిప్రెషన్ మాత్రలు ఈ నిర్లిప్తతను ఇంకా పెంచగలవు.

డబ్బు విషయంలో గొడవపడకండి, దారులు మూసేయండి. జీతం పడే ఖాతాకు యూపీఐ తీసేసి, వారానికి సరిపడా సొమ్ముతో వేరే ఖాతా ఇచ్చి దానికే యూపీఐ పెట్టండి. కార్డుకు ఆన్‌లైన్ వాడకం బ్యాంకు యాప్‌లోనే ఆపేయవచ్చు. లోన్ యాప్‌లు, రమ్మీ, బెట్టింగ్ యాప్‌లు ఫోన్లో ఉన్నాయేమో చూడండి. ఈ దెబ్బ తగిలిన వాళ్లు నష్టం వస్తున్నా ఆగలేరు. చిట్టీలకు, అప్పులకు హామీ సంతకాలు పెట్టించుకోవద్దని దగ్గరివాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఆస్తి కాగితాలు ఇంట్లో పెట్టకండి.

"నాకేమైంది" అనడం కూడా జబ్బులో భాగమే. తనను తాను గమనించుకునే చోటే దెబ్బతింది. ఒప్పించే ప్రయత్నం చేయొద్దు. "డాక్టరు ఇలా చేయమన్నారు" అంటే సరిపోతుంది. చుట్టాల ముందు అసభ్యంగా మాట్లాడితే నవ్వొద్దు, తిట్టొద్దు. "ఆ మాట వద్దు" అని చప్పగా అనేసి వేరే పనిలోకి మళ్లించండి.

వాసన తెలుస్తోందో లేదో కళ్లు మూయించి కాఫీ పొడితో చూడండి. ఈ దెబ్బతో వాసన నరాలు తెగడం మామూలే. అలాగైతే గ్యాస్ లీకైనా తెలియదు, అలారం పెట్టించండి. మద్యం పూర్తిగా బంద్. డాక్టరు రాసిచ్చేదాకా బండి తాళాలు కనబడనివ్వొద్దు.

మందులు డాక్టరు నిర్ణయమే. అయినా ఇది తెలిసుంటే మంచిది: తలదెబ్బ తర్వాతి ఉద్రేకానికి ఆధారాలు మెరుగ్గా ఉన్నవాటిలో ప్రొప్రనలాల్ ఒకటి, ఆస్తమా ఉంటే మాత్రం ఇవ్వరు. హాలోపెరిడాల్‌తోనో అల్ప్రాజోలమ్‌తోనో నెలల తరబడి మత్తులో ఉంచుతుంటే మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోండి.

కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా రెండేళ్ల దాకా సాగుతుంది. ఆపైన కూడా అలవాట్ల ద్వారా మెరుగుపడతారు. పాత మనిషి పూర్తిగా తిరిగొస్తారని ఎవరూ హామీ ఇవ్వలేరు. మీకే భారమనిపించినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ప్రమాద పరిహారం కేసు నడుస్తుంటే రాజీకి సంతకం పెట్టే ముందు అసెస్‌మెంట్ రిపోర్టు ఫైల్లో చేర్పించండి. డిశ్చార్జి సమ్మరీలో ఎముక విరిగిన సంగతే ఉంటుంది, స్వభావం మారిన సంగతి ఉండదు. సదరం సర్టిఫికెట్‌కు వెళ్లేటప్పుడూ అదే రిపోర్టు, ఆ నోట్‌బుక్ జిరాక్సు పట్టుకెళ్లండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో తలదెబ్బకు విడిగా పేరు లేదు కాబట్టి ఏ కోవ కింద చూస్తారో న్యూరాలజిస్టును ముందే అడిగి వెళ్లండి.