డాక్టర్ సలహా: వాడకట్టు తల్లుల మాట ఎంతవరకు వినాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. నాకు ఏడు నెలల పాప, తొలి కాన్పు. మా వాడకట్టులో నాతో కలిపి ఐదుగురం కొద్ది వారాల తేడాతో ప్రసవించాం. తల్లిగారింటి నుంచి వచ్చినప్పటి నుంచి పగటిపూట పిల్లలను ఎత్తుకొని ఒకరింటి దగ్గర కూర్చుంటున్నాం. మా పాప పుట్టినప్పుడు 2.6 కిలోలు, ఇప్పుడు 6.9 కిలోలు. పక్కింటి బాబు 8.4 కిలోలు ఉన్నాడు. నీ పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టమని ఒకరంటున్నారు. మొన్న పాపకు జ్వరం వస్తే వాళ్లింట్లో మిగిలిన మందు రెండున్నర ఎంఎల్ పోయమన్నారు, భయపడి పోయలేదు. మాలో ఒకామె నెల రోజులుగా రావడం లేదు, పిలిచినా పలకడం లేదు. ఇలా కూర్చోవడం వల్లే లేనిపోని భయాలు పట్టుకుంటున్నాయని మా అత్తమ్మ కోప్పడుతున్నారు. మేం కలవడం మానేయాలా?

జవాబు: మానవద్దమ్మా. పిల్లల వైద్యం చేసేవాళ్లకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. తల్లి ఒంటరిగా వచ్చినప్పటి కంటే పక్కింటామెను తోడు తెచ్చుకున్నప్పుడు మాకు బిడ్డ సంగతి ఎక్కువ తెలుస్తుంది. పాలు తాగుతోందా అని అడిగితే కంగారులో ఉన్న తల్లి తాగుతోందనే అంటుంది. వెనుక నిలబడ్డ పక్కింటామె మాత్రం ‘‘రాత్రి నుంచి ఒంటేలు పోలేదు సారూ’’ అని చెబుతుంది. ఆ ఒక్క మాటతో మా ఆలోచనే మారిపోతుంది.

తల్లులు కూడి మాట్లాడుకోవడం వల్ల ఫలితం ఉంటుందనడానికి మన దేశంలోనే గట్టి ఆధారం ఉంది. జార్ఖండ్, ఒడిశాలలోని గ్రామాల్లో స్త్రీలు నెలకోసారి కూర్చొని, కాన్పు సమయంలోనూ ఆ తర్వాతా ఎదురయ్యే చిక్కులను చర్చించుకొని, వాటికి తామే ఉపాయాలు ఆలోచించుకునేలా చేసిన ఒక అధ్యయనం 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడింది. మూడేళ్లలో ఆ ఊళ్లలో నెలలోపు శిశువుల మరణాలు, అలాంటి బృందాలు లేని ఊళ్లతో పోలిస్తే, దాదాపు మూడో వంతు తక్కువగా నమోదయ్యాయి. మూడో ఏడాదికి వచ్చేసరికి తల్లుల్లో ఒక మోస్తరు కుంగుబాటు కూడా సగానికి పైగా తక్కువగా కనిపించింది. అయితే ఆ స్త్రీలు ఒకరి బిడ్డకు ఒకరు మందులు చెప్పుకోవడానికి కూర్చోలేదు. మీకు కూడా నేను గీసే గీత అదే.

ముందుగా బరువు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం ఏడు నెలలు నిండిన ఆడపిల్లకు మధ్యస్థ బరువు 7.6 కిలోలు, మగపిల్లవాడికి 8.3 కిలోలు, ఆడపిల్ల 6 కిలోలకు తగ్గితేనే తక్కువ బరువు అంటాం. ఆడపిల్లల పట్టిక వేరు, మగపిల్లల పట్టిక వేరు అయినప్పుడు ఆ బాబు పక్కన మీ పాపను తూచడంలో అర్థం లేదు. పుట్టిన బరువుకు రెండున్నర రెట్లు దాటిన బిడ్డకు పాలు చాలలేదని నేను అనను. అంగన్‌వాడీలో తూచిన ప్రతిసారీ తల్లీబిడ్డల కార్డులో చుక్క పెట్టించి, పాత చుక్కలతో కలిపి చూసుకోండి. ఆ గీత పైకి పోతూ ఉంటే చాలు. రెండు నెలల పాటు అడ్డంగా సాగినా, కిందికి వంగినా మాత్రం వెంటనే చూపించాలి.

ఏడో నెలలో బరువు మందగించినట్లు అనిపిస్తే నేను ముందు చూసేది పాలను కాదు, గిన్నెలోని తిండిని. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతాన్ని చాలా ఇళ్లలో జావలా పలుచగా కలిపి తాగిస్తారు. బిడ్డ పొట్ట నిండుతుంది కానీ, అందులో ఉండేది ఎక్కువగా నీళ్లే. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా కలపాలి. మెత్తగా పిసికిన పప్పన్నంలో చెంచాడు నెయ్యి లేదా నూనె వేసి, ఉడికిన గుడ్డు పచ్చసొన కలిపి, రోజుకు రెండు మూడు సార్లు పెట్టండి. తల్లిపాలు మాత్రం ఎప్పటిలాగే అడిగినప్పుడల్లా ఇవ్వండి. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కో ఎంఎల్ చొప్పున వేయండి. ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు.

మీలో ఎవరైనా పత్తి ఏరడానికి వెళ్లవలసి వస్తే బిడ్డను మిగిలినవాళ్లు చూసుకోవడం మంచి ఏర్పాటే. వెళ్లే తల్లి చేతులు శుభ్రంగా కడుక్కొని, మరిగించి ఆరబెట్టిన స్టీలు గిన్నెలోకి పాలు పిండి, మూత పెట్టి చల్లని మూలన ఉంచి వెళ్లవచ్చు. మన ఎండలకు నాలుగు గంటలకు మించి ఉంచవద్దు. సీసా, పీక వద్దు. మీ అత్తమ్మ కాలం నాటి ఉగ్గుగిన్నె అటక మీద ఉంటే దించండి, కడగడానికి అంతకంటే సులువైన పాత్ర లేదు. ఒకరి బిడ్డకు మరొకరు నేరుగా పాలు ఇవ్వడం మాత్రం, ప్రేమతో చేసే పనే అయినా, హెచ్‌ఐవీ వంటివి పాల ద్వారా సోకే అవకాశం ఉన్నందున నేను ఒప్పుకోను.

జ్వరం మందు పోయకుండా ఆగడం మీరు చేసిన మంచి పని. పారాసిటమాల్ చిన్న సీసాలో చుక్కల మందుగా వస్తుంది, పెద్ద సీసాలో సిరప్‌గా వస్తుంది. మామూలుగా దొరికే చుక్కల మందులో ఒక్క ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్‌లో ఐదు ఎంఎల్‌కు 125 ఉంటాయి. అంటే అదే రెండున్నర ఎంఎల్ సిరప్ అయితే 62.5 మిల్లీగ్రాములు, చుక్కల మందు అయితే 250 మిల్లీగ్రాములు. మీ పాప బరువుకు ఒక మోతాదు 70 నుంచి 100 మిల్లీగ్రాములే. చెప్పిన ఆమెది చెడ్డ ఉద్దేశం కాదు, ఆమె బిడ్డకు పనిచేసిన సీసా వేరు, అంతే. దగ్గు, జలుబు సిరప్‌లైతే అసలే పంచుకోవద్దు. రెండేళ్లలోపు పిల్లలకు వాటిని రాయవద్దని, ఇవ్వవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. బిడ్డ పాలు పట్టకపోయినా, ఊపిరి తీసుకుంటుంటే డొక్కలు లోపలికి పోతున్నా, ఫిట్స్ వచ్చినా, పిలిచినా లేవనంత మగతగా ఉన్నా ఎవరినీ అడగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది, మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన ఆ ఐదో తల్లి. కాన్పయిన మూడో రోజు, నాలుగో రోజు కారణం లేకుండా ఏడుపు రావడం చాలామంది బాలింతలకు మామూలే, రెండు వారాల్లో అది తగ్గిపోతుంది. ఆమెకు నెలలు గడిచాయి కాబట్టి ఇది అది కాదు. ప్రసవం తర్వాతి కుంగుబాటు మొదటి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టదు, వండుకున్నా తినబుద్ధి కాదు, బిడ్డను ఎత్తుకున్నా ఏమీ అనిపించదు, తాను పనికిరాని తల్లినని లోలోపల నలిగిపోతుంది. మన పల్లెల్లో దీనికి గాలి సోకిందని పేరు పెట్టి తాయెత్తు కట్టిస్తారు, లేదా పని ఎగ్గొడుతోందని తిడతారు. ఇది నయమయ్యే జబ్బు. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు కూడా ఉన్నాయి.

మీరు వెళ్లండి. ఏమైందని నిలదీయవద్దు, నలుగురూ ఒక్కసారిగా పోవద్దు. ఇద్దరు వెళ్లి, ఒకరు బిడ్డకు స్నానం పోసి ఆడిస్తుంటే మరొకరు ఆమె పక్కన కూర్చొని, రాత్రి నిద్ర పడుతోందా, తిన్నావా అని అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగడానికి కూడా జంకవద్దు, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఆమెను, బిడ్డను ఒంటరిగా వదలకుండా, అదే రోజు నల్లగొండలోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించాలి. ఎవరూ లేకపోయినా మాటలు వినబడుతున్నాయన్నా, బిడ్డ గురించి వింతగా మాట్లాడినా అంతే. అంత తీవ్రత లేదనిపిస్తే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఆమె చేతే ఫోన్ చేయించండి. పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

మీ అత్తమ్మ కోపానికీ ఇక్కడే ఒక పని ఉంది. కోడలి ఈడువాళ్లు ఇద్దరు వచ్చి మీ కోడలిని ఆసుపత్రికి తీసుకుపోతామంటే ఆ ఇంట్లో పెద్దవాళ్లు వినకపోవచ్చు, తలుపు దగ్గరే ఆపేయవచ్చు. వాడకట్టులో నలుగురు పిల్లలను పెంచిన పెద్దావిడ మాటకు ఉండే విలువ మీ మాటకు ఇంకా రాలేదు. ఈ జవాబు ఆమెకు చదివి వినిపించి, ఆ ఇంటికి మీతో పాటు రమ్మని అడగండి.

- పిల్లల వైద్య నిపుణులు, నల్లగొండ