జాకెట్టు సంగతి తర్వాత, ముందు ఆ వీడియో కాల్ సంగతి చూద్దాం

ప్రశ్న: మాది పల్నాడులో ఒక పల్లె. గుంటూరు దగ్గర హాస్టల్లో ఉండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వయసు 20. ఏడాదిన్నరగా తిన్నది వాంతి చేసుకుంటున్నాను. పగలంతా కాఫీతో సరిపెట్టి, రాత్రి ఆగలేక దొరికిందల్లా తినేస్తాను. తర్వాత బాత్రూంలో కుళాయి తిప్పి వాంతి చేసుకుంటాను. అమ్మ నెలకు సరిపడా రోజుకొకటి లెక్కన ముప్పై సున్నుండలు పంపితే ఒక్క రాత్రిలో అయిపోయాయి. నాలుగు నెలలుగా నెలసరి లేదు. మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. రూమ్మేట్‌కి తెలిసి ఏడ్చింది. తన కోసం పది రోజులు మానేశాను, వెంటనే బరువు పెరిగాను. ఇంకో నెలన్నరలో అక్క నిశ్చితార్థం. జాకెట్టు కూడా కుట్టించేశారు. అమ్మ రోజూ వీడియో కాల్‌లో ఫోన్ కిందికి దించమని గడ్డం కింద చూస్తుంది. లావని తనను పెళ్ళిచూపుల్లో ముగ్గురు వద్దన్నారట, నాకు ఆ గతి పట్టకూడదని తన బాధ. మా అమ్మ చాలా మంచిది. వాంతులు లేకుండా బరువు తగ్గే డైట్ చెప్పండి.

జవాబు: తల్లీ, నీ బరువు, ఎత్తు రాశావు కానీ నేను ఇక్కడ వేయలేదు. వేస్తే నీలాంటి ఇంకో పిల్ల ఆ అంకె పట్టుకుని తన అంకెతో పోల్చుకుంటుంది. నేను చూశాను కాబట్టి చెబుతున్నా, నువ్వు తగ్గాల్సిన బరువేమీ లేదు. డైట్ చెప్పను. మళ్ళీ రాసి అడిగినా చెప్పను. జాకెట్టంటావా, పక్క కుట్ల లోపల దర్జీ గుడ్డ వదిలే ఉంటాడు. విప్పి కుట్టడానికి అరగంట చాలు. నువ్వడిగినదానికి జవాబు ఇంతే.

ఇక అడగనిది. నీకున్నది బద్ధకం కాదు, నోరు కట్టుకోలేకపోవడమూ కాదు. దాన్ని డాక్టర్లు బులీమియా అంటారు. పగలంతా కడుపు మాడిస్తే రాత్రి ఒళ్ళు తిరగబడుతుంది. ముప్పై సున్నుండలూ తిన్నది నీ ఆశ కాదు, నీ ఆకలి. తిన్నాక సిగ్గు, సిగ్గుతో వాంతి, మర్నాడు మళ్ళీ పస్తు. పైగా వాంతి చేసుకుంటే తిన్నదంతా పోతుందనుకోవడం భ్రమ, చాలా భాగం అప్పటికే లోపలికి వెళ్ళిపోతుంది. బయటికి పోయేది ఒంట్లోని పొటాషియం. అది పడిపోతే గుండె లయ తప్పుతుంది. నీ వయసులోనే, పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే తప్పుతుంది. కళ్ళు తిరుగుతున్నాయని నువ్వు ఒక్క ముక్కలో రాసి వదిలేశావు, నేను వదలలేను.

పది రోజులు మానితే పెరిగింది కొవ్వు కాదు, చాలామటుకు నీరు. ఇన్నాళ్ళూ నీరు పోగొట్టుకున్న ఒళ్ళు, వాంతులు ఆగగానే దొరికిన నీరంతా పట్టి ఉంచుకుంటుంది. మొహం, పాదాలు ఉబ్బినట్టుంటాయి. కొన్నాళ్ళకు అదే దిగిపోతుంది. ఈ సంగతి చెప్పేవాళ్ళు లేకే చాలామంది అక్కడే బెదిరిపోయి మళ్ళీ మొదలుపెడతారు. ఇంకో మాట. మాటిమాటికీ వాంతి చేసుకునేవాళ్ళకు దవడల దగ్గర లాలాజల గ్రంథులు వాస్తాయి, మొహం కింది భాగం నిండుగా కనిపిస్తుంది. మీ అమ్మ ఫోన్‌లో వెతుకుతున్న లావు, ఆవిడకు భయపడి నువ్వు తెచ్చుకున్న వాపే కావచ్చు.

అసలు విషయం ఆ ఫోన్ దగ్గరే ఉంది. ఇలాంటి ఉత్తరం రాగానే అందరూ ఇన్‌స్టాగ్రామ్‌ను తిడతారు. తిట్టొచ్చు, తప్పు లేదు. జిమ్ములో కండల కోసం అన్నం మానేసి డబ్బాల కొద్దీ పొడులు తాగే మగపిల్లల ఉత్తరాలూ నాకు వస్తున్నాయి, వాటిలోనూ అదే కథ. కానీ నీ ఉత్తరంలో ఇన్‌స్టా మాట ఒక్కసారి కూడా లేదు. అమ్మ అనే మాట ఎన్నిసార్లు ఉందో నేను లెక్కపెట్టడం మానేశాను.

మీ అమ్మ మంచిదే, కాదనను. హాస్టల్ పిల్ల కోసం మినుములు వేయించి, విసిరి, నెయ్యి పోసి ఉండలు కట్టి పంపిన మనిషి చెడ్డదెలా అవుతుంది? కానీ ఆ డబ్బాలో ప్రేమతో పాటు లెక్క కూడా పెట్టి పంపింది. తిను అని ఒక చేత్తో, ఒకటే తిను అని ఇంకో చేత్తో. పెళ్ళయి ఇద్దరు పిల్లల్ని కని, పెద్దదాని నిశ్చితార్థం దాకా వచ్చినా, ఆవిడ ఇంకా ఆ ముగ్గురి ముందు చాప మీద తలొంచుకుని కూర్చునే ఉంది. లేచి రావడం ఆవిడకు చేతకాలేదు. ఇప్పుడు పక్కన నిన్నూ కూర్చోబెట్టుకుంది. ఆవిడ రాత్రిపూట అన్నం తింటుందో, మజ్జిగతో సరిపెడుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకో. నువ్వు రాయలేదు కానీ నాకు అనుమానంగానే ఉంది.

తల్లికి బిడ్డ తిందా లేదా అని అడిగే హక్కుంది. గడ్డం కింద ఎంత కండ ఉందో రోజూ తనిఖీ చేసే హక్కు ఏ తల్లికీ లేదు. పెద్దవాళ్ళ మాట వినాలనేదాన్ని నేనూ నమ్ముతాను, మా అత్తగారి మాట ముప్పై ఏళ్ళు విన్నదాన్ని. అయినా సంతలో దూడ పళ్ళు చూసినట్టు ఆడపిల్లను చూడనివ్వడం గౌరవం కిందికి రాదు. ఇవాళ్టి నుంచి కాల్ మాట్లాడు, వీడియో వద్దు. ఎందుకని అడిగితే దాచకు. 'అమ్మా, నువ్వలా చూస్తుంటే నాకు అన్నం సహించట్లేదు. నాకు ఒంట్లో బాగోలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా' అని చెప్పు. ఏడుస్తుంది. నీ మంచికే కదా అంటుంది, నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. అలిగిందని డాక్టర్‌ని మానకు. మీ నాన్న గురించి ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు. ఆయన ఆ ఇంట్లోనే ఉంటే ఇంత కాలం నోరెందుకు మెదపలేదో ఆయనే చెప్పాలి.

డాక్టర్ దగ్గరికి ఈ వారమే వెళ్ళాలి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకో. రూమ్మేట్‌ను వెంట తీసుకెళ్ళు, నీకోసం ఏడ్చిన పిల్ల వస్తుంది. వాంతుల సంగతి దాచకుండా చెప్తే పొటాషియం పరీక్ష, ఈసీజీ రాస్తారు. నెలసరి ఆగింది కాబట్టి థైరాయిడ్ లాంటివీ చూస్తారు. పిచ్చాసుపత్రి అంటారేమోనని జంకకు. నీకు పద్దెనిమిది దాటాయి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ చికిత్స సంగతి గోప్యంగా ఉంచాలి. అంతదాకా ఆగలేకపోతే 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. కళ్ళు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా ఓపీ కోసం చూడకు, ఆ క్షణమే క్యాజువాలిటీకి వెళ్ళు.

ఈలోగా మెస్‌లో పొద్దున టిఫిన్ మానకు. మూడు పూటలా, వేళకు, మధ్యలో ఏ అరటిపండో. రాత్రి తిండి మీద దాడి తగ్గాలంటే పగటి తిండితోనే మొదలుపెట్టాలి, వైద్యులూ అదే చెబుతారు. ఎప్పుడైనా మళ్ళీ వాంతి అయితే వెంటనే పళ్ళు తోమకు, యాసిడ్‌కు పన్ను మీది పొర అరిగిపోతుంది. నీళ్ళతో పుక్కిలించు చాలు. అయిందని మర్నాడు పస్తు మాత్రం ఉండకు. పది రోజులు ఆపగలిగావు, ఏ వైద్యం లేకుండా అది చిన్న పని కాదు.

రిపోర్టులు వచ్చాక నాకు రాయి. అమ్మ ఏమందో కూడా రాయి. బరువెంతో రాయక్కర్లేదు.