సముద్రం ఒడ్డున కిర్యూ ఇల్లు

ప్రశ్న: అన్నా, ‘యాకుజా 3’ గేమ్ ఆడుతున్నా. ఎంతసేపూ అనాథాశ్రమం పిల్లల గొడవలే! ఫైటింగులు ఎప్పుడు? ఆ భాగం గబగబా దాటేయనా?

జవాబు: వద్దు తమ్ముడూ. 2009లో వచ్చిన ఆ గేమ్‌కి ప్రాణమే జపాన్‌లోని ఒకినావా దీవి తీరంలో ఉన్న ‘మార్నింగ్ గ్లోరీ’ ఆశ్రమం. గేమ్ హీరో కిర్యూ కూడా అనాథగా పెరిగినవాడే. టోక్యోలో గూండాల గుంపుల్ని ఒంటిచేత్తో మట్టికరిపించిన మనిషి, ఇక్కడ పూల చొక్కా వేసుకుని తొమ్మిది మంది పిల్లల్ని సాకుతుంటాడు. వాళ్లలో ఇజుమి అనే పాప ముద్దుచేసే వీధికుక్క మామె గురించి కూడా అతనికి టెన్షనే. ఇంకో పాప రియోనా చేతి మీద కాలిన మచ్చ ఉంటుంది చూడు, దాని గురించి ఆ పిల్ల పడే బాధ చూసి నేను కంట్రోలర్ పక్కన పెట్టేశాను. రేపు రిసార్ట్ కోసం ఆ స్థలం ఖాళీ చేయమన్నప్పుడు నీకు నిజంగా కోపం రావాలంటే, ముందు ఆ తొమ్మిది పేర్లూ నోటికి రావాలి.