మన ఇంటి బడి చరిత్ర రాయబోయే మనవరాలికి

చి. బుజ్జికి చిన్న తాతయ్య ఆశీస్సులు.

మన ఊరి హైస్కూలుతో మన ఇంటి నాలుగు తరాలకు ఉన్న అనుబంధాన్ని పుస్తకంగా కూర్చబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ బడిలో చదువుకున్నాను, అక్కడే కొంతకాలం లెక్కలు చెప్పాను, వేరే ఊళ్ళో ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యాను. బడి రిజిస్టర్లను ఎలా చదవాలో నాకు తెలుసు కనుక ఈ ఉత్తరం.

నువ్వు రాసుకున్న జాబితా మీ నాన్న చదివి వినిపించాడు. ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, అమెరికాలో ఉన్నవాళ్ళు అందరూ ఉన్నారు. మీ ముత్తాత లేడు. ఆయన ఆ బడిలో ఒక్కరోజు కూడా చదవలేదు, నిజమే. కానీ అక్కడ నౌకరుగా పనిచేసింది, వేపచెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్క మీద పొద్దునా సాయంత్రం గంట కొట్టింది ఆయనే. ఆ ఉద్యోగం లేకపోతే మమ్మల్ని హైస్కూలు దాకా పంపగలిగేవాడు కాదు. మా అక్కయ్య పేరు కూడా నీ జాబితాలో లేదు. ఆమెను థర్డు ఫారంలో, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతిలో ఉండగా మానిపించారు. ఇప్పుడు అక్కడ మధ్యాహ్న భోజనం వండుతున్న మీ పిన్ని ఊసే లేదు. అమ్మా, పాసైనవాళ్ళను మాత్రమే రాస్తే అది మన ఇంటి గొప్పల చిట్టా అవుతుంది. మధ్యలో ఆగిపోయినవాళ్ళను, ఆ ఆవరణలో చెమటోడ్చినవాళ్ళను కలిపి రాస్తేనే చరిత్ర అవుతుంది. మిగిలినవన్నీ మరిచిపోయినా ఇది మాత్రం మరవకు.

ఇక పని సంగతి. నేరుగా బడికి వెళ్ళకు. ముందు ఇంట్లో ట్రంకు పెట్టెలు వెతుకు. పాత టి.సి. (బడి వదిలేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్) ఒక్కటి దొరికినా దాని మీద అడ్మిషన్ నంబరు ఉంటుంది. ఆ నంబరు చేతిలో ఉంటే రిజిస్టరులో మనిషిని పట్టుకోవడం నిమిషాల పని. పేరుతో వెతికితే రోజులు పడుతుంది, ఎందుకంటే మన ఇంటిపేరునే ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్క రకంగా రాశాడు. ఆడపిల్లలను పుట్టింటి పేరుతోనే వెతకాలి.

ప్రధానోపాధ్యాయురాలికి దరఖాస్తు రాసి ఇవ్వు, ఏమి చూడాలో, ఎందుకో స్పష్టంగా చెప్పు. పరీక్షల రోజుల్లోనూ, జూన్‌లో అడ్మిషన్ల హడావుడిలోనూ వెళ్ళకు. అడ్మిషన్ రిజిస్టరు శాశ్వత రికార్డు, గది దాటి బయటికి రాదు. అక్కడే కూర్చుని చూసుకో, వాళ్ళు ఒప్పుకుంటే ఫోనుతో ఫోటో తీసుకో. ఫ్లాష్ వద్దు, కిటికీ దగ్గర వెలుతురు చాలు. మన వాళ్ళ వరుసతో పాటు పేజీ పైన గడుల పేర్లు కూడా పడేలా తీయి, లేకపోతే ఏ గడిలో ఏముందో తరువాత అర్థం కాదు. పక్క వరుసల్లో ఇతరుల కులం, తల్లిదండ్రుల వివరాలు ఉంటాయి. అవి పుస్తకంలోకి రాకూడదు. 1977 ఉప్పెనలో తడిసిన పుస్తకాలు కొన్ని ఉన్నాయి. అతుక్కున్న పేజీలను గోటితో విడదీయకు, అలాగే వదిలేయి.

రిజిస్టరు చెప్పినదంతా నిజమనుకోవద్దు. సగంమందికి పుట్టినరోజు జూలై 1 అని కనిపిస్తుంది. తల్లిదండ్రులు తిథి, కార్తె చెబితే, బడిలో చేర్చుకునే వయసుకు సరిపోయేలా పంతులుగారు ఒక తేదీ వేసేవారు. తరగతుల లెక్క కూడా వేరు. పాతకాలం ఫస్టు ఫారం ఇప్పటి ఆరో తరగతి, థర్డు ఫారం ఎనిమిది, సిక్స్తు ఫారం పదకొండు. మేము బడి చివరి పరీక్ష ఎస్.ఎస్.ఎల్.సి. రాసింది ఆ పదకొండో ఏట. రెండేళ్ళ ఇంటర్మీడియట్ 1969-70లో వచ్చాక బడి చదువు పదో తరగతితో ముగుస్తోంది. అందుకే మీ తాతకూ మీ నాన్నకూ బడిలో ఏళ్ళ సంఖ్య కలవదు, కంగారుపడకు. పాత టి.సి. మీద జిల్లా బోర్డు హైస్కూలు అని ఉంటే అది వేరే బడి కాదు. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక పేరు మారింది, అంతే.

పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు “బడి రోజులు ఎలా ఉండేవి?” అని అడిగితే “బాగుండేవమ్మా” అని ఊరుకుంటారు. ఏ కిటికీ పక్కన కూర్చున్నారో, మధ్యాహ్నం క్యారేజీలో ఏముండేదో, వానకాలం కాలువ ఎలా దాటేవారో అడుగు. సంవత్సరం గుర్తు లేదంటే ఉప్పెనకు ముందా తరువాతా, 1972-73 జై ఆంధ్ర ఉద్యమంలో బడులు మూసినప్పుడు ఏ తరగతి అని అడుగు. ఆడవాళ్ళతో వంటింట్లోనో పెరట్లోనో ఒంటరిగా మాట్లాడు. మగవాళ్ళు పక్కన ఉంటే చదువు మానడానికి కారణం వాళ్ళే చెప్పేస్తారు.

మా అక్కయ్య వరుస నేను చూశాను. పేరు మీద ఎర్ర సిరాతో గీత, చివరి గడిలో “దీర్ఘకాలం హాజరు కానందున తొలగించడమైనది” అని ఉంది. పెద్దమనిషైందని మానిపించారని అందులో లేదు. ఎక్కాలు నాకు నేర్పింది ఆమే. ఇరవయ్యో ఎక్కం కూడా తడుముకోకుండా చెప్పేది. ఆ గడిలో లేనిది ఆమె నోటి నుంచి విని, ఆమె మాటల్లోనే రాయి. సరిదిద్దకు.

పెద్దవాళ్ళలో ఆమె దగ్గరకే మొదట వెళ్ళు. మధ్యాహ్నం పడుకుంటుంది, నాలుగు దాటాక వెళ్ళు. ఎడమ చెవి వినపడదు, కుడివైపు కూర్చో. రిజిస్టరు ఫోటో పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి తీసుకెళ్ళు, ఫోను తెర ఆమెకు ఆనదు.

ఆశీస్సులతో,
చిన్న తాతయ్య